వెళ్లడానికి ఊరున్నవాళ్లు

1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద బాంబులు వేశాయి. మర్నాడు విశాఖపట్నం, కాకినాడల వంతు. వారం తిరక్కుండానే మద్రాసు ప్రభుత్వం, నగరంలో ఉండి తీరవలసిన పని లేనివాళ్లంతా ఊరు విడిచి వెళ్లడం మంచిదని ప్రకటించింది. హైకోర్టు కోయంబత్తూరుకు తరలింది. పీపుల్స్ పార్కు జంతుశాలలో పులుల్నీ సింహాల్నీ, బాంబు పడి బోనులు విరిగితే వీధుల్లోకి వస్తాయన్న భయంతో, కాల్చి చంపారు. మైలాపూరు అప్పట్లో వకీళ్ల పేట. కోర్టు కదిలేసరికి లజ్ చుట్టుపక్కల పెద్ద ఇళ్లకు తాళాలు పడ్డాయి. ట్రంకు పెట్టెలు, పరుపుచుట్టలు రైలెక్కాయి. ఆ ఇళ్లలో వంట చేసినవాళ్లు, తోట తడిపినవాళ్లు ఏమయ్యారన్నదే నన్ను పట్టి ఉంచే ప్రశ్న.

ఆ ప్రకటన వెనుక ఒక నమ్మకం ఉంది: నగరంలో ఉన్న ప్రతివాడికీ లోనాడులో ఎక్కడో ఒక సొంతూరు, ఆ ఊళ్లో అన్నం పెట్టే బంధువు ఉంటారని. శాంథోం ఒడ్డు కుప్పాల్లోని జాలరికి సముద్రం తప్ప వేరే ఊరు లేదు. పొట్ట చేతపట్టుకుని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన తెలుగువాడి సంగతి మరీ కష్టం. కాకినాడ మనిషిని ఊరికి పొమ్మంటే, అయిదారు రోజుల కిందటే బాంబులు పడ్డ చోటికి పొమ్మన్నట్టే. ఇక బర్మా కాందిశీకులు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక, అక్కడ కోరంగీలని పిలిపించుకున్న తెలుగు కూలీలతో సహా లక్షలమంది భారతీయులు ఓడల్లోనూ కాలినడకనా తిరిగొచ్చారు. అలా మద్రాసు రేవులో దిగినవాళ్లకు, నాలుగు నెలల్లో ఇది రెండో పరుగు.

యుద్ధ సమయం, వ్యవధి లేదు, జనం తగ్గితే చావులూ తగ్గుతాయి కదా అనవచ్చు. ఆ వాదనలో నిజం ఉంది. 1943 అక్టోబర్‌లో ఒక జపాన్ విమానం నిజంగానే మద్రాసు మీదికి వచ్చింది కూడా. అయితే వ్యవధి లేని ఆ ప్రభుత్వమే తన కార్యాలయాలకు ఏది ఏ ఊరికి వెళ్లాలో నిర్ణయించగలిగింది. ఫైళ్లకు చిరునామా దొరికింది. సామాన్యుడు మాత్రం తన దారి తానే చూసుకోవలసి వచ్చింది. కాబట్టి కొరత వ్యవధిది కాదు, ఎవరెవరు లెక్కలోకి వస్తారన్న ఆలోచనది.

అది పరాయి పాలన, ఇప్పుడు చట్టాలున్నాయి అన్నది రెండో అభ్యంతరం. 2020 మార్చి 24 రాత్రి వచ్చిన లాక్‌డౌన్ ఆదేశం 1942 ప్రకటనకు తలకిందులు: ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి. నమ్మకం మాత్రం అదే జాతిది. ప్రతివాడికీ ఒక ఇల్లు, ఇంట్లో నెలకు సరిపడా బియ్యం ఉంటాయని. రేషన్ కార్డు వేరే రాష్ట్రంలో ఉన్న కూలీ అందులో ఎక్కడా ఇమడలేదు. ఇక చట్టం సంగతి. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్, సహాయం అందించేటప్పుడు లింగం, కులం, సముదాయం, వంశం, మతం పేరిట వివక్ష చూపకూడదంటుంది. ఆ జాబితాలో భాష లేదు, పుట్టిన ఊరు లేదు. సముదాయం అన్న మాటలో అందరూ వస్తారు కదా అంటే, వ్యాఖ్యానంలో రావచ్చు. వరద వచ్చినప్పుడు సహాయం కోసం మోకాలి లోతు నీళ్లలో వరుసలో నిలబడ్డవాడికి వ్యాఖ్యానం చేసిపెట్టే వకీలు పక్కన ఉండడు. ఆ జాబితాలో భాష లేదు, పుట్టిన ఊరు లేదు.