ఇరుకు చోటులో ఎనిమిది గొట్టాలు

ఇంజనుకు ఊపిరి పీల్చడం ఎంత అవసరమో విడవడమూ అంతే అవసరం. పెట్రోలు ఆవిరి, గాలి కలిసి సిలిండరులో మండిన పిమ్మట మిగిలే వేడి వాయువులు వీలైనంతవరకు బయటికి పోవలెను. అవి ఎంత మిగిలిపోతే కొత్త గాలికి అంత చోటు తగ్గుతుంది. ఇంజను శక్తి కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఈ వాయువులను సిలిండర్ల నుంచి విడివిడిగా అందుకొని, ఒకచోట చేర్చి, వెనుకకు పంపే గొట్టాల కూర్పును అమెరికాలో హెడర్ అంటారు. గొట్టాలు ఎట్లా ఉండాలని భౌతికశాస్త్రం కోరుతుందో, వాటికి ఎంత చోటున్నదని కారు చెబుతుందో, ఈ రెండింటి నడుమ జరిగిన బేరమే హెడర్ చరిత్ర. ఫోర్డు కంపెనీవారి మస్టాంగ్ కారు చరిత్రలో ఈ బేరం స్పష్టంగా కనిపిస్తుంది.

1960 దశకంలో అమెరికాలో మజిల్ కార్లు అనే కొత్త తెగ బయలుదేరింది. మజిల్ అనగా కండ. ఓ మాదిరి పరిమాణం గల కారులో పెద్ద కారు ఇంజనును అమర్చడమే వీటి రహస్యం. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.లో 389 ఘనపుటంగుళాల ఇంజను, అనగా సుమారు 6.4 లీటర్లది, ఉండేది. అదే సంవత్సరం ఏప్రిల్ 17న మస్టాంగ్ అమ్మకానికి వచ్చింది. ఇది ఫాల్కన్ అనే చిన్న కారు భాగాలను ఆధారం చేసుకొని తయారైంది. ముందు చక్రాల స్ప్రింగులను మోయడానికి ఇంజను గదిలోనికి ఇరుపక్కల నుంచి రెండు ఉక్కు బురుజులు చొచ్చుకొని వచ్చి ఉండేవి. వాటి నడుమ 289 ఘనపుటంగుళాల వి-8 ఇంజను పట్టేది గాని, దాని పక్కన మిగిలిన చోటు స్వల్పం.

అందుచేత ఫ్యాక్టరీవారు పోత ఇనుముతో చేసిన పొట్టి మేనిఫోల్డును అమర్చారు. అది చవక, చాలాకాలం మన్నుతుంది, చప్పుడును కొంత అణచుతుంది, తక్కువ చోటులో ఇముడుతుంది. అయితే నాలుగు సిలిండర్ల వాయువులూ ఒకే ఇరుకు గదిలో పడతాయి. ఇందులోని చిక్కు తెలియాలంటే సిలిండర్లు మండే వరుసను చూడవలెను. 289 ఇంజనులో ఆ వరుస 1-5-4-2-6-3-7-8. క్రాంకు ప్రతి 90 డిగ్రీలు తిరిగేసరికి ఒక సిలిండరు మండుతుంది. 1 నుంచి 4 వరకు గల సిలిండర్లు ఒక పక్కన, 5 నుంచి 8 వరకు గలవి రెండవ పక్కన ఉంటాయి. కనుక ఒకే పక్కనున్న 4, 2 సిలిండర్లు వెంటవెంటనే మండుతాయి. రెండవ పక్కన 7, 8 కూడా అంతే. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనులో 90 డిగ్రీల తిరుగుడుకు పట్టే కాలం సెకనులో 400వ వంతు మాత్రమే. 4వ సిలిండరు ఇంకా ఊపిరి విడుస్తూ ఉండగానే 2వ సిలిండరు వాయువు వచ్చి దానికి అడ్డుపడుతుంది. ఒక్కొక్క సిలిండరుకు వేరు గొట్టం ఇచ్చి, కొంత దూరం పోయిన తరువాత కలిపితే ఈ అడ్డు తగ్గుతుంది.

వేరు గొట్టం వల్ల ఇంకొక లాభం కూడా ఉన్నది. కవాటం తెరుచుకోగానే ఒక సంపీడన తరంగం గొట్టంలో ప్రయాణిస్తుంది. గొట్టం వెడల్పుగా తెరుచుకొన్న చోట అది విరళీకరణ తరంగంగా మారి వెనుకకు వస్తుంది. ఉన్నత పాఠశాలలో శ్రుతిదండంతో అనునాద ప్రయోగం చేసిన విద్యార్థులకు ఇది కొత్త కాదు. ఈ తరంగం పోయివచ్చి, కవాటం మూసుకోబోయే వేళకు చేరితే, సిలిండరులో మిగిలిన వాయువును బయటికి లాగుతుంది. వేడి వాయువులో తరంగ వేగం సెకనుకు సుమారు 550 మీటర్లు అనుకొందాం. 90 సెంటీమీటర్ల గొట్టంలో పోయి రావడానికి సెకనులో వెయ్యో వంతులు 3.3 పడుతుంది. ఇంతలో క్రాంకు, నిమిషానికి 6,000 చుట్ల వద్ద దాదాపు 118 డిగ్రీలు తిరుగుతుంది. 3,000 చుట్ల వద్ద 59 డిగ్రీలే. కనుక ఒక పొడవు గొట్టం అన్ని వేగాలకూ సరిపడదు.

1965లో కారల్ షెల్బీ కాలిఫోర్నియాలో మస్టాంగును మార్చి జి.టి.350 అనే కారు తయారుచేశాడు. దానికి ట్రై-వై రకం హెడర్లు అమర్చాడు. వీటిలో నాలుగు గొట్టాలు మొదట రెండు జతలుగా, తరువాత ఒకటిగా కలుస్తాయి. వెంటవెంట మండే రెండింటిని ఒకే జతలో చేర్చరాదన్నది ఇక్కడి సూత్రం. పెద్ద కార్బురేటరు, కొత్త గాలి మేనిఫోల్డు, హెడర్లు కలిసి ఇంజను శక్తిని 271 నుంచి 306 అశ్వశక్తికి పెంచాయి.

ఇంజన్లు పెరిగినకొద్దీ చోటు సమస్య ముదిరింది. 1967లో కారును వెడల్పు చేసి 390 ఘనపుటంగుళాల ఇంజనును ఇమిడ్చారు. 1969లో బాస్ 429 ఇంజను అందులోనూ పట్టలేదు. బురుజులనే పక్కకు జరిపి కట్టవలసి వచ్చింది. బ్యాటరీ వెనుక డిక్కీలోనికి పోయింది. అదే సంవత్సరం వచ్చిన 351 విండ్సర్ ఇంజను కథ ఇంకా ఆలోచించదగినది. చూపునకు అది 302 వలెనే ఉంటుంది. కాని దాని సిలిండరు దిమ్మె ఎత్తు సుమారు 33 మిల్లీమీటర్లు ఎక్కువ. ప్రతి వరుసా నిలువుకు 45 డిగ్రీలు వాలి ఉండటంవల్ల, పక్కకు పడే భాగం 33ను సైన్ 45తో గుణిస్తే వస్తుంది; అనగా ప్రతి పక్కన సుమారు 23 మిల్లీమీటర్లు. పైకి కూడా అంతే. 302 కోసం వంచిన గొట్టాలు 351కి అమర్చబోతే బురుజుకో, స్టీరింగుకో తగలడంలో వింత ఏమున్నది?

నేడు ఆ పాత కార్లను పునరుద్ధరించేవారు హెడర్లు ఎన్నుకొనేటప్పుడు ఈ చరిత్ర అంతా అక్కరకు వస్తుంది. కారు సంవత్సరం, ఇంజను, సిలిండరు తలల రకం, గేరు పెట్టె, స్టీరింగు రకం - ఈ ఐదింటికీ సరిపడేదే కొనవలెను. చిన్న వి-8కు సాధారణంగా 41 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టం చాలును. అవసరానికి మించి లావైతే వాయువు వేగం తగ్గి, తక్కువ చుట్ల వద్ద లాగుడు తగ్గుతుంది. గొట్టం నేలకు మరీ దగ్గరగా దిగితే గతుకులలో నలుగుతుంది. స్పార్కు ప్లగ్గు తీగ, స్టార్టరు, క్లచ్చి కడ్డీ - వీటికి తగలరాదు. చల్లగా ఉన్నప్పుడు తగలకపోవడం చాలదు. 90 సెంటీమీటర్ల ఉక్కు గొట్టం 500 డిగ్రీల సెంటీగ్రేడు వేడెక్కితే 5 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. ఆ సాగుడుకూ, రబ్బరు దిండ్లపై ఇంజను ఊగే ఊపుకూ సందు ఉండవలెను. ఇంజనుకు బిగించే ఫ్లాంజి పలుచనైతే వేడికి వంకర తిరిగి వాయువు కారుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మూసిన కారులోనికి చేరితే ప్రాణాంతకం.

1970 నాటి వాయుశుద్ధి చట్టం, 1973 నాటి చమురు సంక్షోభం మజిల్ కార్ల మొదటి యుగాన్ని ముగించాయి. 1975 నుంచి అమెరికాలోని కొత్త కార్లలో అధిక భాగానికి వాయువులను శుద్ధిచేసే ఉత్ప్రేరక పరికరం వచ్చింది. ఆనాటి కార్లు మళ్ళీ తయారు కావు. సరిపడని హెడర్ కోసం సుత్తితో బురుజును నొక్కితే చెడేది గొట్టం కాదు, కారు. గొట్టం మరొకటి కొనవచ్చును. కొలత టేపు మొదట, అశ్వశక్తి లెక్క తరువాత - మస్టాంగ్ నిర్మాతలు ఒక్కొక్క ఇంజనుతో నేర్చుకొన్న పాఠం ఇదే.