ఉప్పుమడులు, వేడిబుగ్గలు

పుదుచ్చేరి పట్టణపు దక్షిణభాగమున ఒక పేటకు ఉప్పళమని పేరు. తమిళమున ఆ మాటకు ఉప్పు పండించు మడి అని అర్థము. నౌపడాలోనో చినగంజాములోనో ఉప్పుమడులను చూచినవారికి ఆ పేరు వినగానే తెల్లని కుప్పలు, మట్టిగట్లు, ఎండకు మెరయు నిలువనీరు కన్నులకు కట్టును. ఇప్పుడచ్చట ఉన్నవి ఇండ్లు, వీధులు, ఆటస్థలము. మడులు పోయినవి, పేరు నిలిచినది.

ఫ్రెంచి పాలనలో ఉప్పుకథ రెండు ఒప్పందములతో మారిపోయినది. 1815 మార్చి 7వ తేదీన ఆంగ్లేయులు, ఫ్రెంచివారు ఒక మాటకు వచ్చినారు. ఫ్రెంచి స్థావరములలో పండిన ఉప్పులో స్థానికుల అవసరమునకు మిగిలినదంతయు ఆంగ్లేయులే కొనవలెను. అందుకు బదులుగా ఏటేట నాలుగు లక్షల సిక్కా రూపాయలు ఫ్రెంచి ప్రభుత్వమునకు చెల్లవలెను. 1818 మే 13వ తేదీ ఒప్పందము అంతటితో ఆగక ఉప్పుపంటనే మాన్పించినది. మడుల యజమానులకు పరిహారముగా ఏటికి 4,000 స్టార్ పగోడాలు నిర్ణయమైనవి. సముద్రము వాకిట నిలిచియుండగా ఉప్పును కొని తినవలసిన విచిత్రస్థితి ప్రజలకు కలిగినది.

దొరల కాగితములకు ఎక్కని విషయమొకటి ఆ మడులలో ఉండెడిది. ఉప్పు పండించువారు దానిని ఎరుగుదురు. నీరు చిక్కబడినకొలది ఎరుపెక్కును. ఉప్పుచేప మీద ఎర్రని మరక లేచినచో సరకు చెడినట్లే. ఈ ఎరుపు కొన్ని సూక్ష్మజీవుల రంగని 1922లో కెనడా శాస్త్రజ్ఞులు హారిసన్, కెనడీ తమ పరిశోధనలో చూపినారు. ఇతర ప్రాణులు ఎండి చచ్చునంత ఉప్పులో అవి సుఖముగా వృద్ధి పొందును. అప్పటివారు వాటిని బాక్టీరియా జాతిలో చేర్చినారు.

1974లో నార్వేదేశపు బెర్గెన్ నగరమున టోర్స్విక్, డుండాస్ అను ఇరువురు ఈ ఉప్పుజీవులకు సోకు ఒక వైరసును కనుగొని, దానికి బాక్టీరియాను తిను వైరసుగానే పేరు పెట్టినారు. మూడేండ్లు గడిచినవో లేదో, 1977లో అమెరికాలో కార్ల్ వోజ్, జార్జి ఫాక్స్ జీవుల వంశవృక్షమును తిరిగి గీచినారు. మీథేను వాయువును పుట్టించు జీవులు బాక్టీరియా కావనియు, మరియొక మహావంశమునకు చెందినవనియు వారు తేల్చినారు. ఆ వంశమునకే తరువాత ఆర్కియా అను పేరు స్థిరపడినది. ఉప్పుమడులలోని జీవులును, వేడిబుగ్గలలోని జీవులును అచిరకాలముననే ఆ కుటుంబమున చేరినవి. అనగా ఆతిథేయి ఎవరో తెలియకమునుపే అతిథి దొరికినదన్నమాట!

వేడిబుగ్గల కథ ఇంతకన్న రుచికరమైనది. ఎల్లోస్టోన్ బుగ్గలలో, ఆమ్లపు వేడినీట బ్రదుకు సల్ఫోలోబస్ అను జీవిని థామస్ బ్రాక్, ఆయన సహచరులు 1972లో లోకమునకు తెలిపినారు. తరువాత జపానులోని బెప్పు బుగ్గ నుండి తెచ్చిన ఇట్టి జీవిలో ఒక డీఎన్ఏ వలయము జర్మనీలో వోల్ఫ్రాం జిల్లిగ్ బృందమునకు కనిపించినది. ఆ జీవిపై అతినీలలోహిత కిరణములు పడగానే ఆ వలయములు అసంఖ్యాకముగా పెరిగి, కదురు ఆకారము గల కణములుగా వెలువడినవి. 1984లో వాటిని 'వైరసు వంటివి' అని మాత్రమే అన్నారు. వేరొక జీవికి సోకునని రుజువు కానిదే వైరసు అనరాదు గదా! ఆ రుజువు 1992లో గాని లభింపలేదు. ఎనిమిదేండ్ల ఆ సంయమమును నేను మెచ్చుకొందును.

ఎస్ఎస్‌వి1 అను ఈ వైరసు జన్యులిపి 15,465 అక్షరజంటలు. 1991లో దానిని ఆమూలముగా చదివినపుడు అందలి జన్యువులలో అధికభాగము అంతకుముందు తెలిసిన ఏ జన్యువును పోలలేదు. ఇది ఆతిథేయి జన్యుమాలలో ఆర్జినిన్ అను ఆమ్లమును మోయు ఆర్ఎన్ఏకు చెందిన జన్యువునందు చొరబడును. అది చాల ముఖ్యమైన జన్యువు. చెడినచో జీవి బ్రదుకదు. కాని వైరసు ఆ జన్యువు చివరిభాగమునకు నకలును తనతో తెచ్చుకొనును. కావున గోడ పగిలినచోటనే మరల కట్టినట్లు జన్యువు యథాతథముగా నిలుచును. విశేషమేమనగా, చొరబాటును నడపిన వైరసు జన్యువు మాత్రము ఆ పనిలో రెండు ముక్కలై, ఆతిథేయి మాల ఇరుప్రక్కల చెరియొక తునకగా మిగులును.

ఇక మరల ఉప్పుమడికి రావలెను. స్పెయినులో అలికాంటే సమీపమున సాంటా పోలా ఉప్పుమడులు గలవు. వాటిలోని ఒక ఆర్కియా జన్యులిపిలో ఒకే వాక్యము, సమానమగు ఎడముతో, పలుమారులు వచ్చుటను ఫ్రాన్సిస్కో మోహికా గమనించి 1993లో ప్రకటించినాడు. జపానువారు 1987లోనే ఒక బాక్టీరియాలో ఇట్టివానిని చూచియుండిరి, అర్థము తెలియలేదు. ఆ వాక్యముల నడుమనున్న తునకలు ఆ జీవులపై దాడిచేసిన వైరసులు మొదలగు వాని ముక్కలేయని మోహికా గ్రహించినాడు. పలు పత్రికలు నిరాకరించిన పిమ్మట ఆ వ్యాసము 2005లో వెలువడినది. సల్ఫోలోబస్ జన్యుమాలలోను వేడిబుగ్గల వైరసుల తునకలు ఇట్లే చేరియున్నవి. క్రిస్పర్ అని నేడు ప్రసిద్ధమైనది ఇదియే. దానిని జన్యువులను సవరించు పనిముట్టుగా మలచినందుకు 2020లో షార్పాంటియే, డౌడ్నాలకు నోబెల్ బహుమానము లభించినది. మోహికా పేరు అందులో లేదు.

చరిత్రకారునకు ఈ తునకలు మంచి పరీక్ష. క్రొత్త తునక సాధారణముగా వరుసలో ఒకే కొనయందు చేరును. కనుక కాలక్రమము గలదు, సంవత్సరములు లేవు. పుదుచ్చేరిలో ఆనందరంగ పిళ్ళై 1736 నుండి 1761 వరకు వ్రాసిన దినచర్యలో తేదీ ఉన్నది, వాన ఉన్నది, దొరల కోపమును ఉన్నది. సూక్ష్మజీవి దినచర్యలో శత్రువు ఆనవాలు మాత్రమే కలదు. అదియును బ్రదికిన జీవి వ్రాసుకొన్నది. ఓడిన జీవులు వ్రాతను మిగుల్చలేదు; పాతబడిన తునకలు రాలిపోవుటయు కలదు. కావున దానిని సంపూర్ణచరిత్రగా చదువుట తొందరపాటు. విజయశాసనముగా చదివినచో చాలును.

వైరసులును ఊరకుండలేదు. ఐస్లాండు బుగ్గలలో సల్ఫోలోబస్‌ను పట్టు కడ్డీ ఆకారపు వైరసులు ఈ రక్షణనే అడ్డగించు ప్రోటీనును తమ జన్యువులలో మోయుచున్నవని 2018లో తేలినది. తునక వరుసలో ఉండియు, శత్రువు గుమ్మమున నిలిచియు, ఆ జీవి చేయి ఆడదు.