కండ్లు మూయకు బిడ్డా

తాండూరు శివారు. ఎండ ఇంకా ఎక్కలేదు. కంది చేలకు ఆనుకున్న నల్లరేగడి మైదానంలో, సున్నంతో గీసిన సాఫ్ట్‌బాల్ హోమ్ ప్లేట్ వెనక మీరు నిలబడ్డారు. ముందు క్యాచర్‌గా పన్నెండేళ్ల పిల్ల గొంతుక్కూర్చుంది. మాస్క్, చెస్ట్ గార్డ్, లెగ్ గార్డులు అన్నీ పెద్దవాళ్ల కొలతవే. పట్టీలు రెండేసి చుట్లు తిప్పి బిగించారు. చేతులు వెనక్కి కట్టుకుంది. చేతికి తొడిగే మిట్ ఇంకా ఇవ్వలేదు.

నాలుగడుగుల దూరం నుంచి పీఈటీ మేడం టెన్నిస్ బంతిని మాస్క్ మీదికి విసిరింది. టక్. పిల్ల కళ్లు గట్టిగా మూతపడ్డాయి.

“కండ్లు మూయకు బిడ్డా. తాకితే తాకనియ్యి, మాస్క్ ఉంది కద.”

టక్. టక్. రెప్ప కొంచెం ఆగింది. టక్. ఈసారి బంతి ఊచలకు తగిలేదాకా చూసింది. మిట్ కంటే ముందు ఈ చూపే నేర్పాలి. రెప్ప వాలిందంటే ఎంత మంచి మిట్టయినా దండగే.

ఇప్పుడు మిట్, అసలు బంతి. పన్నెండు అంగుళాల చుట్టుకొలత, 178 నుంచి 198 గ్రాముల బరువు. ఖాళీ చేతిని పిడికిలి బిగించి, బొటనవేలు లోపలికి మడిచి, మిట్ వెనక దాచమంటుంది మేడం. తర్వాత కావాలనే బంతిని నేలకేసి కొడుతుంది. పిల్ల మిట్ చాచింది; నెర్రెకు తగిలిన బంతి పక్కకు తిరిగి వెనక్కి దూసుకుపోయింది.

“పట్టాల్నని చూడకు. నీ ముందల పడేటట్టు ఆపు.”

రెండు మోకాళ్లూ ఒకేసారి నేలకు దిగాలి. మోకాళ్ల సందును మిట్ మూయాలి. గడ్డం ఛాతీకి ఆనాలి, భుజాలు చాటలా ముందుకు వంగాలి. అప్పుడు బంతి ఛాతీకి తగిలి అక్కడే పడుతుంది. దబ్, దబ్, దబ్. కాసేపటికోసారి మేడం ఆమెను లేపి నడిపిస్తుంది, మరో పిల్లను కూర్చోబెడుతుంది. ఎదిగే మోకాళ్ల మీద ఆమాత్రం దయ ఉండాలి. గెలుపు కోసం ఒకే పిల్లను రోజంతా కూర్చోబెట్టడం అన్యాయం.

ఇక గొంతు. మిగతా ఎనిమిదిమందీ ఇటు చూస్తుంటే, మైదానం మొత్తాన్ని ఎదురుగా చూసేది క్యాచర్ ఒక్కతే. ఎందరు అవుటయ్యారో, బంతి ఎటు విసరాలో ఆమే అరిచి చెప్పాలి.

“వన్ అవుట్,” అంది పిల్ల.

“ఎవలకు ఇనబడ్తదే అట్లంటే? సెంటర్ ఫీల్డ్ దాంక పోవాలె!”

ఇంట్లో గట్టిగా మాట్లాడితే కసురుతారు. ఇక్కడ గట్టిగా మాట్లాడకపోతే ఆట సాగదు. నా దృష్టిలో ఈ శిక్షణలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే. ఇరవైసార్లు అరిపించాక కంది చేలో మనిషి తల తిప్పి చూశాడు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు సాఫ్ట్‌బాల్ తిరిగి వస్తోంది. ఈ పిల్లలకు మాత్రం ముందున్నది వికారాబాద్ మ్యాచ్.

మ్యాచ్ రోజు వికారాబాద్‌లో రైలు దిగి వెళ్తే అనంతగిరి వైపు నేల ఎర్రబడుతుంది. మొరం మీద బంతి తిరగదు, జారుకుంటూ వస్తుంది. ఫస్ట్ బేస్‌లో రన్నర్. పిచ్ పొట్టిగా పడింది. పిల్ల మోకాళ్లు అప్పటికే నేల మీదున్నాయి. దబ్. బంతి కాళ్ల ముందే ఆగింది. రెండడుగులు వేసిన రన్నర్ వెనక్కి పరుగెత్తింది.

తర్వాతి బంతి పిచర్ చేయి వదలగానే రన్నర్ కదిలింది. ఆమె పరుగెత్తాల్సింది 60 అడుగులు. పిల్ల విసరాల్సింది 84 అడుగుల 10 అంగుళాలు. విసిరింది. ఒక్క స్టెప్ పడి బంతి సెకండ్ బేస్ చేరింది. ట్యాగ్ వెంట్రుకవాసిలో తప్పింది. సేఫ్.

“చెయ్యి మంచిగనే ఉంది. ముందుగాల కాలు తిప్పు, తర్వాత చెయ్యి!”

పిల్ల కుడి పాదాన్ని జానెడు వెనక్కి జరుపుకుంది. మాస్క్ పైకెత్తి, వేలు చూపించి, మైదానం అంచుదాకా వినిపించేలా అరిచింది: “వన్ అవుట్! రన్నర్ సెకండ్ల ఉంది, హోంకు ఎయ్యుండ్రి!”