గుర్రం ఒంటిపై దోమల డబ్బా

అమెరికాలోని కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్, ఒక ప్రయోగశాల, 2000 ప్రాంతం. ఒక తలుపు మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది. లోపల గుర్రం ఎండుగడ్డి నములుతోంది. మీ మాస్కు వైపు ఒకసారి చూసి మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

ఒంటి మీద ఒకచోట వెంట్రుకలు గొరిగి ఉన్నాయి. వల మూత ఉన్న డబ్బాను అక్కడ ఆనించారు. అందులో ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమలు, వెస్ట్ నైల్ వైరస్ ఎక్కించినవి. వల సందుల్లోంచి తొండాలు దిగుతున్నాయి. చూస్తుండగానే పొట్టలు ఎర్రబడుతున్నాయి. సూదితో ఎక్కిస్తే పోయేదిగా, ఈ దోమల గొడవెందుకు? రోగం వచ్చే దారి అదే మరి. టీకా బలం తేలాల్సిందీ ఆ దారిలోనే.

1999 వేసవిలో న్యూయార్క్‌లో ఈ వైరస్‌తో కాకులు రాలిపోయాయి, మనుషులు మెదడువాపుతో ఆసుపత్రుల పాలయ్యారు, గుర్రాలు కూలిపోయాయి. ఈ గది తొందరంతా అందుకే.

ఈ గుర్రానికి ముందే కండలో ఒక్క ఇంజెక్షన్ పడింది. అందులో చచ్చిన వైరస్ లేదు, బతికినదీ లేదు. బ్యాక్టీరియాలో పెంచి తీసిన గుండ్రటి డీఎన్ఏ ఉంది, ప్లాస్మిడ్ అంటారు. వైరస్ జన్యువుల్లోంచి పీఆర్‌ఎం, ఇ అనే రెండు పైతొడుగు ప్రొటీన్లవే తెచ్చి దాన్లో అతికించారు. కండ కణాలు వాటిని చదువుకుని లోపల ఏమీ లేని డొల్ల వైరస్‌లను తయారుచేస్తాయి. శత్రువు రాకముందే శరీరానికి దాని ముఖం పరిచయమవుతుంది. నాకైతే ఇందులో ముచ్చటేసేది ఈ పొదుపే.

డబ్బా తీసేశారు. ఇక పని రక్తం తీయడం, లేబుల్ అంటించడం, వైరస్ కోసం వెతకడం. టీకా వేసిన గుర్రాల రక్తంలో ఎంత వెతికినా వైరస్ దొరకదు. అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీ శాస్త్రవేత్తలు ఈ సంగతిని 2001లో ప్రచురిస్తారు. 2005లో అమెరికా వ్యవసాయ శాఖ గుర్రాలకు ఈ రకం టీకాను అనుమతిస్తుంది.

తర్వాత మనిషి వంతేనా? అంత సులువు కాదు. ప్లాస్మిడ్ కణం పొర దాటితే చాలదు, కేంద్రకం దాకా చేరాలి. మనుషుల్లో అలా చేరేది కొంచెమే. డీఎన్ఏ టీకాకు మనుషుల్లో తొలి అనుమతి 2021లో మన దేశంలోనే దక్కింది. అహ్మదాబాద్‌లో తయారైన ఆ జైకోవ్-డి కోవిడ్ కోసం, దాన్ని సూది లేకుండా చర్మంలోకి చిమ్మారు. వెస్ట్ నైల్‌కు దగ్గరి చుట్టమైన జపనీస్ మెదడువాపుకు హైదరాబాద్‌లో తయారయ్యే జెన్‌వాక్ పాత పద్ధతిదే, చంపిన వైరస్‌తో చేసింది. ఇక వెస్ట్ నైల్‌కు మనుషుల టీకా ఏ రకందీ రాలేదు. ఆ రోగం ఏ ఏడు ఏ ఊళ్లో విరుచుకుపడుతుందో ముందు తెలియదు, వేలమందితో ప్రయోగం ఎక్కడ పెట్టాలి?