క్యూ కట్టినవాళ్ల ఉత్సవం

కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి డెలిగేట్ పాసు 2017లో 650 రూపాయలు. మరుసటి ఏడు అదే పాసు 2,000. విద్యార్థులకైతే వెయ్యి. టికెట్టు మీద పది రూపాయలు పెంచితేనే కౌంటర్ దగ్గర గొడవయ్యే దేశం మనది. అయినా ఆ డిసెంబరులో తిరువనంతపురం థియేటర్ల ముందు క్యూలు కనిపించాయి. పాతికేళ్లు దాటిన ఈ ఉత్సవం గురించి నాలుగు మాటలు రాయమన్నారు కనుక, జ్యోతి వెలిగించిన మంత్రుల పేర్లు పక్కనపెట్టి ఆ క్యూ దగ్గరే మొదలుపెడుతున్నాను.

ముందు మన ఇంటి సంగతి ఒకటి. అప్పట్లో కేంద్రం ఒక ఏడు ఢిల్లీలో పోటీ ఉత్సవం, మరుసటి ఏడు వేరే నగరంలో పోటీ లేని ఫిల్మోత్సవ్ జరిపేది. 1986 జనవరిలో ఆ వంతు హైదరాబాదుది, 1988లో తిరువనంతపురానిది. ఒకే పందిరి, రెండేళ్ల తేడాతో రెండు ఊళ్లలో వేశారు. మనం ఉత్సవం కాగానే బ్యానర్లు దింపేసి ఇళ్లకు పోయాం. వాళ్లు బొమ్మను కూడా దాచుకున్నారు. మలయాళుల తోలుబొమ్మలాట తోల్‌పావకూత్తులోని లంకాలక్ష్మిని ఫిల్మోత్సవ్ కోసం చిహ్నంగా మలిచినవాడు దర్శకుడు జి. అరవిందన్. ఇవాళ్టికీ కేరళ ఉత్సవానికి గుర్తు ఆ బొమ్మే.

దాచుకోవాలన్న బుద్ధి వాళ్లకు ఊరికే పుట్టలేదు. దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు 1965లోనే చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. చూడటం నేర్పిన ఆ సొసైటీ నుంచే తీయడానికి సహకార సంఘం వచ్చింది, దాని నుంచి 1972లో ‘స్వయంవరం’ వచ్చింది. ఇక మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం కథ వింటే మన జోలె పట్టిన హరికథా భాగవతులే గుర్తొస్తారు. ఒడెస్సా పేరుతో మిత్రులను కూడగట్టి ఊరూరా చాప్లిన్ ‘ది కిడ్’ వేసి, జనం ఇచ్చిన చిల్లర పోగేసి 1986లో ‘అమ్మ అరియాన్’ తీశాడు. మంచి సినిమాకు మన జేబులోంచి కొంత తీయాలన్న అలవాటు పల్లెల్లో కూడా అలా పడింది. పాసు 2,000 అయిన 2018లో అక్కరకొచ్చింది ఆ అలవాటే.

ఉత్సవాన్ని 1998లో ఏర్పడిన కేరళ చలచ్చిత్ర అకాడమీ చేపట్టాక దానికి నడక కుదిరింది. సినిమాల ఎంపికలో ఎడిటర్ బీనా పాల్ ముద్ర చాలా ఏళ్లు కనిపించింది. ఆటలు వేసేది కైరళి, శ్రీ, నిళ, కళాభవన్, టాగోర్ థియేటర్లలో, రాత్రయితే నిశాగంధి ఆరుబయలు వేదిక మీద. 2013లో కొరియా దర్శకుడు కిమ్ కి డుక్ వస్తే జనం మన అగ్రహీరోను చూసినట్టు ఎగబడ్డారు. ఉత్తమ చిత్రానికి ఇచ్చే బహుమతి సువర్ణ చకోరం. చకోరమంటే మనకు వెన్నెల తాగే కావ్యపక్షి; అక్కడి బంగారు పక్షి మాత్రం మన జెముడుకాకి. నాకు ఇదే నచ్చింది, కనీసం కంచె మీద కనిపించే పిట్ట!

ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వానిదే. పిట్ట వాలిన ఆ కొమ్మ 2018 ఆగస్టులో విరిగింది. వరదలకు నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది ప్రభుత్వ ఉత్సవాలేవీ వద్దని ఆదేశాలొచ్చాయి. శిబిరాల్లో జనం ఉండగా రెడ్ కార్పెట్ ఏమిటన్న ప్రశ్నలో న్యాయముంది. సినిమా చూడటం వేడుకా, అవసరమా అని ఉత్సవం కావాలన్నవాళ్లు అడిగిన దాంట్లోనూ ఉంది. చివరికి మధ్యేమార్గం దొరికింది: జరుపుకోండి, ఖజానా వైపు చూడకండి. అకాడమీ ఆర్భాటాలు తగ్గించింది, పది లక్షల జీవన సాఫల్య పురస్కారాన్ని ఆ ఏటికి ఆపింది, మిగిలిన భారం పాసు మీద వేసింది.

గెలుపు కథగా దీన్ని చెప్పుకోవడం తేలిక. కానీ ఆ 2,000 కట్టలేక ఆగిపోయినవాళ్లు క్యూలో కనిపించరు కదా. బస్సు ఛార్జీ, లాడ్జి అద్దె, వారం రోజుల భోజనం లెక్క వేసుకుని కాసరగోడ్ నుంచి వచ్చే కుర్రాడే ఈ ఉత్సవానికి ప్రాణం. ఆపద్ధర్మంగా పెంచిన ధర 2019లో వెయ్యికి దిగింది, 650కి మాత్రం చేరలేదు. వరద తీసినా బురద మిగులుతుంది.

ఇక్కడ మళ్లీ హైదరాబాదు గుర్తొస్తుంది. 1995 నుంచి అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం రెండేళ్లకోసారి మన ఊళ్లో జరిగింది. 2017లో ఇరవయ్యోది. 2019లో రావలసింది రాలేదు. ఎవరూ పెద్దగా అడగలేదు కూడా. ఆ హాళ్లను నింపింది బడులు బస్సుల్లో పంపిన పిల్లలు. పంపితే వచ్చినవాళ్లకు పంపకపోతే గొడవ చేసే వీలేదీ?

రజతోత్సవం కోవిడ్ పాలైంది. డిసెంబరులో జరగాల్సింది 2021 ఫిబ్రవరికి వాయిదా పడి, తిరువనంతపురం, కొచ్చి, తలశ్శేరి, పాలక్కాడ్‌లకు నాలుగు ముక్కలుగా వెళ్లింది. రాజధాని నుంచి ఉత్సవాన్ని తరలించే ఎత్తుగడేమోనని శశి థరూర్ సహా పలువురు అభ్యంతరపెట్టారు. ఈ ఒక్కసారికేనని ప్రభుత్వం బదులిచ్చింది. పాసు 750కి తగ్గింది, కాకపోతే దానితోపాటు కోవిడ్ పరీక్ష నెగటివ్ కూడా కావలసి వచ్చింది. జీవన సాఫల్య పురస్కారం దర్శకుడు గొడార్‌కి. ఆయన తెర మీద నుంచే మాట్లాడారు. సువర్ణ చకోరం లెసోతో నుంచి వచ్చిన సినిమాకు దక్కింది.

ఉత్సవానికి సొంత భవనం మాట చాన్నాళ్లుగా నడుస్తోంది. చిత్రాంజలి స్టూడియో స్థలంలో కడతామన్నారు. కట్టేదాకా కైరళి మెట్లున్నాయి. ఆట విడిచాక జనం అక్కడే కూర్చుని, చూసిన సినిమాను విప్పి మళ్లీ కుడతారు.