గాలిపటమును వదలు విద్య

సంక్రాంతినాడు మేడపై నిలిచి గాలిపటము నెగురవేయు బాలునకు రెండు సంగతులు పుస్తకము చదువకయే తెలిసియుండును. దారము బిగువుగా నున్నంతసేపే పటము ఎగురును. దారమును ఒక్కసారిగా సడలించినచో అది బలము కోల్పోయి వాలిపోవును. ఆ చిన్న పటము బాలుని వ్రేలు కోయగలదు గాని, వానిని మేడమీదినుండి ఎత్తుకొనిపోజాలదు. పటము వైశాల్యము 10 లేక 12 చదరపు మీటరులైనచో కథ మారును. అట్టి పటమును 20 మీటరులకు పైబడిన త్రాళ్లతో నడుమునకు తగిలించుకొని, కాళ్లక్రింద పలక నుంచుకొని, సముద్రముపై జారుచు పోవు క్రీడ నేడు అనేక దేశములలో వ్యాపించినది. దానిని కైట్‌బోర్డింగ్ అనియు, కైట్‌సర్ఫింగ్ అనియు పిలుతురు. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో తొలిసారిగా దీనికి స్థానము లభించినది. పోటీలు మార్సెయ్ రేవువద్ద జరిగినవి.

మనిషిని గాలిపటమునకు కట్టుట పెద్ద కష్టము కాలేదు. కట్టిన మనిషిని అవసరమైన క్షణమున విడిపించుట నేర్చుటకు మాత్రము చాలకాలము పట్టినది. ఈలోపల కొందరి ప్రాణములును పోయినవి.

పటము లాగుచుండగా నీటిపై పయనించినవారిలో పేరుగన్న తొలివ్యక్తి బెంజమిన్ ఫ్రాంక్లిన్. మెరుపునందలి విద్యుత్తును పటముతో పరీక్షింపదలచుటకు ఎన్నో యేండ్లు పూర్వమే, బాల్యమున, ఆయన ఒక చెరువులో వెల్లకిల పండుకొని, పటపు దారము చుట్టిన కఱ్ఱను చేతులతో పట్టుకొని, ఆవలి గట్టునకు చేరెనట. బట్టలను ఒక స్నేహితుడు గట్టువెంబడి మోసికొని వచ్చెను. తరువాత ఒక ఫ్రెంచి మిత్రునికి వ్రాసిన లేఖలో ఫ్రాంక్లిన్ ఈ ముచ్చట చెప్పుచు, ఒక సూక్ష్మమును కూడ పేర్కొనెను. తాను పటము వెంట మరీ త్వరగా పోయినచో పటము క్రిందికి దిగజారెడిది. కొంచెము ఆగి ఎదురులాగినచో మరల పైకి లేచెడిది. ఈవిధముగా డోవరునుండి కాలేకు సముద్రము దాటుట అసాధ్యము కాకపోవచ్చుననియు, అయినను ఓడలో పోవుటయే మేలనియు ఆయన అభిప్రాయము. ఆ కఱ్ఱ చేతిలోనిదే. విడువవలెనన్న పిడికిలి తెరచిన చాలును.

తరువాతివాడు ఒక బడిపంతులు. ఇంగ్లండునందలి బ్రిస్టల్ నగరమున పాఠశాల నడుపుచుండిన జార్జి పోకాక్, గాలిపటములు లాగెడి బండి నొకదానిని నిర్మించి, 1826లో దానికి పేటెంటు పొందెను. బండి పేరు షార్వొలాన్. జంట పటములు, వానిని అదుపు చేయుటకు నాలుగు త్రాళ్లు, బండిని ఆపుటకు రోడ్డులోనికి దిగబడు ఇనుప కడ్డీ. నేటి క్రీడాకారుని చేతికడ్డీనుండి కూడ సాధారణముగా నాలుగు త్రాళ్లే పోవును. పోకాక్ అంతకుముందే, 1824 ప్రాంతమున, తన కుమార్తె మార్తాను కుర్చీలో కూర్చుండబెట్టి పటముతో ఆకాశమున కెత్తెను. (ఈ మార్తాయే క్రికెట్ ఆటలో ప్రఖ్యాతుడైన డబ్ల్యు. జి. గ్రేస్‌కు తల్లి. నేడు ఏ ఉపాధ్యాయుడైనను ఇట్టి పని చేసినచో ఊరివారు ఊరకుందురా!) ఆయన కుమారుని కూడ అట్లే ఒక కొండకొమ్మునకు చేర్చెననియు, ఆ పిల్లవాడు ఒక కీలును విప్పగా కుర్చీ త్రాటివెంట జారి నేలకు వచ్చెననియు చెప్పుదురు. అది నిజమైనచో విమోచన సాధనమును గూర్చిన ఆలోచన ఆనాడే పుట్టినదన్నమాట.

1903 నవంబరులో శామ్యూల్ కోడీ అను సాహసికుడు పటము లాగెడి మడతపడవలో కాలేనుండి డోవరునకు వచ్చి, ఫ్రాంక్లిన్ ఊహను వ్యతిరేక దిశలో నిజము చేసెను. పోకాక్‌కు బండి యున్నట్లే ఆయనకు పడవ యుండెను. ఈ మువ్వురిలో ఎవరును పటమును తమ నడుమునకు బిగించుకొనలేదు.

బిగించుకొనినచో ఏమగునో లెక్కవేసి చూచుట మంచిది. పటముపై గాలి చూపు బలము పటము వైశాల్యమునుబట్టియు, గాలివేగము యొక్క వర్గమునుబట్టియు పెరుగును. 12 చదరపు మీటరుల పటముపై సెకనుకు 7 మీటరుల గాలి వీచుచున్నదనుకొందుము. గాలి సాంద్రత ఘనపు మీటరునకు 1.2 కిలోగ్రాములుగాను, పటపు ఆకృతికి సంబంధించిన గుణకము 1గాను తీసికొనినచో, లాగుడు సుమారు 36 కిలోగ్రాముల బరువునకు సమానమగును. దీనిని ఓర్చుకొనవచ్చును. గాలి 10 మీటరులకు పెరిగినచో అది 73 కిలోగ్రాములగును. అనగా మనిషి బరువంత. 14 మీటరులైనచో 144. ఉరుము మేఘము ముందు వీచు ఈదురుగాలి కొన్ని క్షణములలోనే ఈ తేడాను తేగలదు.

ఇంకొక చిక్కు కలదు. పై లెక్క కదలక నిలిచిన పటమునకు మాత్రమే. పటము గాలికి అడ్డముగా పరుగిడినచో దానికి తగులు గాలివేగము హెచ్చును. పటము గాలికంటె మూడింతల వేగముతో అడ్డముగా సాగినచో, ఆ రెండు వేగములు లంబముగా కలిసి దానికి తగులు గాలివేగము యొక్క వర్గము పదింతలగును. గుణకము మారకున్నచో బలమును పదింతలే. 1980లో మైల్స్ లాయ్డ్ అను అమెరికను ఇంజనీరు ఈ సూత్రముననుసరించి పటములచేత విద్యుత్తు పుట్టింపవచ్చునని లెక్కలతో చూపెను. ఆయనకు వరమైన ఈ గుణమే నీటిమీది మనిషికి శాపము కావచ్చును. ఒడ్డున నిలిచినవాని పటము అదుపుతప్పి, గాలి వీచు దిక్కున నడిమి భాగమును కోసికొని పోయినచో, వాడు నేలవిడిచి ఎగిరి గోడకో రాతికో కొట్టుకొనును. ఈ క్రీడలో లోతైన నీటికంటె ఒడ్డే ఎక్కువ భయంకరమైనదని అనుభవజ్ఞులు చెప్పుటకు కారణమిదియే.

1977లో నెదర్లాండ్సునకు చెందిన పాన్‌హౌసె అను నతడు పలకపై నిలిచి పటముచే లాగబడు పద్ధతికి పేటెంటు పొందెను. అయితే నీటిలో పడిన పటము తడిసి మరల లేవకుండెను. ఫ్రాన్సునందలి బ్రెతాన్యి తీరవాసులగు బ్రూనో, దొమినిక్ లెగెన్యూ సోదరులు 1984లో దీనికి ఉపాయము కనిపెట్టిరి. పటపు ముందంచున గాలి నింపిన గొట్టము నమర్చిరి. సైకిలు ట్యూబువంటి ఆ గొట్టమువలన పటము నీటిపై తేలును. త్రాడు లాగి దానిని మరల ఎగురవేయవచ్చును. అమెరికాలో బోయింగ్ సంస్థ ఇంజనీరు బిల్ రోజెలర్, ఆయన కుమారుడు కోరీ వేరొక మార్గమున ఇదే కాలమున కృషిచేసిరి. 1990ల చివర హవాయి దీవులలో ఈ క్రీడ జనాదరణ పొందినది.

అప్పుడే అసలు ఆపద మొదలైనది. గంటలకొలది చేతులతో కడ్డీని పట్టుట ఎవరికిని సాధ్యము కాదు. కావున తెరచాప పలకల క్రీడ, అనగా విండ్‌సర్ఫింగ్, నుండి ఒక వస్తువును అరువు తెచ్చుకొనిరి. అది నడుముపట్టీకి ముందున్న కొక్కెము. త్రాటి ఉచ్చును దానికి తగిలించినచో భారము చేతులనుండి నడుమునకు మారును. విండ్‌సర్ఫింగులో ఇది చక్కగా పనిచేసెను. ఏలయన అందు తెరచాపను వదలిన తక్షణమే అది నీటిలో వాలి బలము నశించును. గాలిపటము అట్లు వాలదు. ఉచ్చు ఎల్లప్పుడు బిగువుగనే యుండును. దానిని కొక్కెమునుండి తప్పింపవలెనన్న ఆ లాగుడంతటిని ఎదిరించి ముందుగా తనవైపునకు లాగుకొనవలెను. లాగుడు 36 కిలోగ్రాములున్నప్పుడు అది సాధ్యమే, కాని అప్పుడు తప్పింపవలసిన అవసరము లేదు. 144 కిలోగ్రాములైనప్పుడు అవసరము కలుగును, కాని అప్పుడు సాధ్యము కాదు. అరువు తెచ్చుకొన్న సాధనము క్రొత్తచోట ఎట్టి పని చేయునో ముందుగా విచారింపకుండుట వలన కలిగిన లోపమిది.

లోపము ఎంతటిదో 2004లో ఒక అమెరికను క్రీడావైద్య పత్రికలో వెలువడిన పరిశోధన తెలిపినది. 235 మంది క్రీడాకారులను ఆరు నెలలపాటు గమనించిన ఆ వైద్యులు, ఆడిన ప్రతి వేయిగంటలకు 7 గాయముల చొప్పున లెక్కించిరి. పాదము, చీలమండ ఎక్కువగా దెబ్బతినెను. తల, రొమ్ము, మోకాలు తరువాతివి. ఒక మరణము కూడ సంభవించినది. గాయములలో 56 శాతమునకు కారణము, అదుపుతప్పిన పటమును నడుముపట్టీనుండి విడదీసికొనలేకపోవుటయే. ఈ ఒక్క అంకె ఈ క్రీడాచరిత్రలో ఏ బహుమతి పట్టికకంటెను విలువైనది.

విమోచన సాధనము తయారుచేయుట చూచుటకు సులభము. ఒక సూది, ఒక ఉచ్చు; సూదిని లాగినచో ఉచ్చు తెరచుకొనును. కాని ఘర్షణ యను శత్రువు కలదు. 140 కిలోగ్రాముల భారము నేరుగా సూదిపై పడినచో, ఘర్షణ గుణకము 0.2 అయినను, దానిని జరుపుటకు 28 కిలోగ్రాముల బలము కావలెను. నీటిలో దొర్లుచు, ఊపిరాడని మనిషి తడిచేతితో అంత బలము చూపగలడా? ఇసుకయు, ఎండిన ఉప్పును చేరినచో సూది మరింత బిగియును. కావున నిర్మాతలు తులాదండ సూత్రమును ఆశ్రయించిరి. భారము కీలుకు సమీపమున పడును; కీలుచేయి పొడుగుగా నుండి, దాని దూరపు కొనను మాత్రమే సూది పట్టియుంచును. అందువలన సూదిపై పడు భారము అనేక వంతులు తగ్గును. ఆ సూదిని ఒక తొడుగు కప్పియుంచును. తొడుగును దేహమునుండి బయటికి, పటము లాగు దిక్కుననే, నెట్టినచో అంతయు విడిపోవును. భయపడిన మనిషి వెదకనక్కరలేకుండ తొడుగునకు సాధారణముగా ఎఱ్ఱరంగు వేయుదురు.

విడిపోయిన పటము ఊరిమీద పడి ఇతరులను గాయపరుపకుండ రెండవ కట్టు కలదు. అది పట్టీకి తగిలించిన చిన్న త్రాడు. ఉచ్చు తెరచుకొనగనే పటము ముందు త్రాళ్లలో ఒకదానిచే మాత్రమే పట్టుబడి, జెండావలె రెపరెపలాడి నీటిపై పడును. అప్పటికిని లాగుచున్నచో, ఈ చిన్నత్రాటికి వేరే విమోచన సాధనము కలదు. ఇట్లు మెట్టుమెట్టుగా వదలుట ఈ విద్యలోని ప్రధానాంశము. 2005లో మార్కెట్టునకు వచ్చిన విల్లు ఆకారపు పటములు అన్నిటికంటె ముందు మరియొక మెట్టును చేర్చినవి. కడ్డీని ముందునకు విడిచినచో పటము గాలికి అడ్డుపడు కోణము మారి, లాగుడు దాదాపుగా లేకుండ పోవును. మేడమీది బాలుడు దారము సడలించుటయు ఇట్టిదే. 2020లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ ఈ విమోచన సాధనముల భద్రతకును, వానిని పరీక్షించు పద్ధతులకును 21853 సంఖ్యగల ప్రమాణమును ప్రకటించినది.

కట్టుటవలన కలుగు కీడు పలక విషయమునను కనబడినది. పలక దూరముగా కొట్టుకొనిపోకుండ తొలినాళ్లలో కొందరు దానిని సాగెడి త్రాటితో దేహమునకు కట్టుకొనిరి. పటము మనిషిని లాగును. పలక నీటిలో వెనుకబడును. త్రాడు సాగి ఒక్కసారిగా ముడుచుకొనగా పలక వెనుకనుండి తలను కొట్టును. ఇప్పుడు విద్యాలయములలో ఆ కట్టును సాధారణముగా వలదందురు. పటము లాగుచుండగా దేహముతోనే నీటిలో ఈడ్చుకొనిపోయి పలకను చేరుకొనుట ముందుగా నేర్పుదురు. తలకు టోపీ, ఛాతీకి రక్షణకవచము ధరింపజేయుదురు.

త్రాళ్ల సంగతి తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. సంక్రాంతి మాంజా మెడలను కోసిన వార్తలు ఏటేట వచ్చుచునే యున్నవి. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునలు 2017లో నిషేధించినది. కైట్‌బోర్డింగు త్రాళ్లకు గాజుపొడి పూయరు. అయినను రెండు మిల్లీమీటరుల మందము కూడ లేని ఆ గట్టి పాలిథిన్ త్రాడు, మనిషి బరువును మోయుచు వ్రేలికి చుట్టుకొనినచో వ్రేలు తెగును. కావున ఎగురుచున్న పటపు త్రాటిని చేతితో పట్టరాదని మొదటి పాఠమునందే చెప్పుదురు. నడుముపట్టీలో వంకర మొనగల చిన్న కత్తిని కూడ ఉంచుదురు. దాని అంచు లోపలివైపున నుండుటచే త్రాడు తెగును గాని చర్మము తెగదు.

త్రాళ్లన్నియు చిక్కుపడి, ఒడ్డు దూరమై, గాలియు పడిపోయినచో మిగులునది లెగెన్యూ సోదరుల గొట్టమే. శిక్షణ పొందినవాడు ఆ స్థితిలో ఈదుటకు ప్రయత్నింపడు. ముందుగా లాగుడు పూర్తిగా పోయినదని నిశ్చయించుకొని, త్రాళ్లను కడ్డీకి చుట్టుకొనుచు మెల్లగా పటమును చేరును. గొట్టములోని గాలిని తీయక, దానిపై ఒరిగి, పటపు ఒక కొనను తెరచాపవలె పైకెత్తి, ఏ మాత్రము గాలియున్నను దానిచే ఒడ్డుదెసకు నెట్టబడును.