చిందు మేళం – ప్రేక్షకుని ఎంపిక: బోధన్ ప్రాంత పరిశీలన

చిందు భాగోతంపై వచ్చిన పరిశోధనల్లో కులచరిత్ర, కథావస్తువు, ఆహార్యం ప్రధాన స్థానం పొందాయి. రాత్రంతా మేలుకొని చూసినవారు మాత్రం ‘జనం’ అన్న ఒక్క మాటలో ముగిసిపోతారు. (నాట్యశాస్త్రం ప్రేక్షక లక్షణాలను చెప్పింది, మరచినది మనమే.) ఆ ప్రేక్షకునికి ఎంపిక ఉండేదా?

చిందువారు మాదిగల ఆశ్రితులు. ఏ మేళం ఏ ఊళ్లో ఆడాలన్నది మిరాశీ హక్కు నిర్ణయించేది. కాబట్టి ఊరివాడు కొత్త మేళాన్ని వెతుక్కుంటూ పోనక్కరలేదు. మేళమే అతని వాడకు వచ్చేది. కథా తెలిసినదే. ఇందువల్ల అభిరుచి మొద్దుబారుతుందనుకోవడం పొరపాటు. కథ తెలిసినవాడే దరువు ఎత్తుగడలోని తేడాను పట్టగలడు. నిరుడు బాలవేషం కట్టిన పిల్ల ఈ ఏడు ఏ పాత్రకు ఎదిగిందో గమనించగలడు.

బోధన్ మండలం అమ్దాపూర్‌లో నివసించిన చిందుల ఎల్లమ్మ ఖ్యాతిని ఈ దృష్టితో చూడాలి. చిందులో స్త్రీలు వేషం కట్టడం వింత కాదు. ఆమె పురుషపాత్రలనూ ధరించి మెప్పించింది. 2005లో ఆమె మరణించే నాటికి పండితలోకం ఆమెను ఎరుగును. అంతకు ఎంతో ముందే ఆమెను గుర్తించినవారు నేలమీద కూర్చున్న ఈ ప్రేక్షకులేనని నా అభిప్రాయం.

అదే బోధన్‌లో శక్కర్‌నగర్ ఉంది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం పలుచోట్ల కార్మికులను ఒకచోట చేర్చింది. సొంత ఊరు విడిచి వచ్చినవానికి అక్కడ మిరాశీ మేళం ఉండదు. మద్దెల వినిపించిన వైపు తానే నడవాలి. ఈ ఇద్దరు ప్రేక్షకులనూ ఒకే గాటన కట్టరాదు. 2015లో కర్మాగారం మూతపడింది, కార్మికులు వృద్ధులయ్యారు. చిందు పాఠాలను సేకరించినంత శ్రద్ధతో వారి జ్ఞాపకాలనూ ఇప్పుడే నమోదు చేయాలి. ఏ కథ చూశారన్నదానికన్నా, ఎవరి గొంతు కోసం వెళ్లారన్నది ముందుగా అడగాలి.